పిల్లలతోనే పని మొదలు: తెలుగునాట ఫాదర్ హయ్యర్ జీవితం

అనంతపురం: వాన ముఖం చాటేసిన ఏడాది ఈ జిల్లా పల్లెల్లో వీధులు ముసలివారికీ పసివారికీ మిగిలిపోతాయి. వేరుశనగ విత్తనానికి తెచ్చిన అప్పు మెడకు చుట్టుకుంటుంది. ఆలుమగలు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సెక్కుతారు. పిల్లలు అవ్వ దగ్గరో, తాత దగ్గరో ఉండిపోతారు. చదువు సాగితే సాగినట్టు, ఆగితే ఆగినట్టు. అలాంటి పిల్లలకు వారం పొడుగునా ఎవరు ఉన్నా లేకున్నా, ఆదివారం పొద్దున మాత్రం తమ కోసం ఎదురుచూసే మనిషి ఒకరుంటారని తెలుసు. పల్లె చర్చిలో చాప పరిచి, హాజరు పిలిచి, కంఠత వాక్యం అప్పజెప్పించుకుని, ఒక కథ చెప్పి పంపే ఆ మనిషే సండే స్కూలు టీచరు. జీతం ఉండదు. పలకరింపు మాత్రం ఉంటుంది. రాని పిల్లవాడు ఎందుకు రాలేదని ఇంటికి వెళ్లి అడిగే ఓపిక ఉంటుంది.

ఈ ఆదివారపు బడి తెలుగు క్రైస్తవ సంఘాలకు ఇంత దగ్గరిది కావడం వెనుక ఎందరో ఉన్నారు. తీరాంధ్రలోని లూథరన్ సంఘాలకు సంబంధించినంత వరకు ఆ వరుసలో మొదటి పేరు జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. గుంటూరు, పలనాడు, గోదావరి ప్రాంతాల విశ్వాసులు ఆయనను ఫాదర్ హయ్యర్ అంటారు. అనంతపురం జిల్లాలో ఫాదర్ అన్న మాట వినగానే జనానికి విన్సెంట్ ఫెర్రర్ గుర్తుకు రావడం సహజం. ఫెర్రర్ ఈ జిల్లాకు వచ్చింది 1969లో. హయ్యర్ మూడోసారి తెలుగు నేలపై కాలు మోపింది 1869లో. నడుమ సరిగ్గా నూరేళ్లు. లూథరన్లు తమ గురువులను సాధారణంగా పాస్టరు అనే పిలుస్తారు. హయ్యర్‌కు ఫాదర్ అన్న పిలుపు హోదా వల్ల గాక, వయసు వల్లా గౌరవం వల్లా వచ్చింది. ఆ పిలుపులో ఒక చేదు కూడా ఉంది. ఇందరు పిల్లలకు తండ్రి అనిపించుకున్న ఆయన తన కన్నబిడ్డల దగ్గర ఉండలేకపోయారు.

పసితనంలోనే పరదేశం

హయ్యర్ 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్ పట్టణంలో జన్మించారు. తండ్రి బొచ్చుతోళ్ల దుస్తులు తయారుచేసే వృత్తిదారు. అది నెపోలియన్ సేనలు యూరప్‌ను తొక్కుతున్న కాలం. 1806లో ప్రష్యా ఓడిపోయింది. మరుసటి ఏడాది హెల్మ్‌స్టెట్ ప్రాంతమంతా నెపోలియన్ తమ్ముడి ఏలుబడిలోని కొత్త రాజ్యంలో కలిసిపోయింది. ఎదిగే మగపిల్లలున్న ఇళ్లలో కంటి మీద కునుకు లేని రోజులవి. 1807లో ఆ తల్లిదండ్రులు పద్నాలుగేళ్ల కొడుకును ఓడ ఎక్కించి అమెరికాలోని ఫిలడెల్ఫియాకు, మేనమామ దగ్గరికి పంపించారు. మేనమామది బొచ్చుతోళ్ల వ్యాపారం, టోపీల తయారీ. కుర్రవాడు అక్కడ పని నేర్చుకోసాగాడు. కరవు ఏడాది పిల్లవాణ్ణి పట్నంలోని బంధువుల దుకాణానికి పంపే మన ఇళ్లవారికి ఆ ప్రయాణంలో కొత్తగా తోచేదేమీ ఉండదు, మధ్యలో సముద్రం తప్ప.

ఓడ ఎక్కడానికి ముందే ఆ బాలుడు సొంత ఊరి చర్చిలో కన్ఫర్మేషన్ పొందాడు. లూథరన్ సంఘంలో ఇది పిల్లల జీవితంలో పెద్ద మెట్టు. పసికందుగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఇప్పించిన బాప్తిస్మాన్ని, బుద్ధి తెలిసిన వయసులో పిల్లవాడు తన నోటితో తానే ఒప్పుకుని సంఘం ఎదుట నిలబడే కార్యక్రమమిది. దానికి ముందు నెలల తరబడి పాఠాలుంటాయి. పాఠ్యపుస్తకం మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథం. అంతకు ముందు ఏడాది సాక్సనీ పల్లెల్లో సంఘాలను పరిశీలించిన లూథర్‌కు పెద్దలకే పది ఆజ్ఞలు రావని తెలిసి దిగులు కలిగింది. ఇంటి యజమాని తన పిల్లలకూ పనివారికీ చెప్పుకోవడానికి వీలుగా, చిన్న ప్రశ్న, చిన్న జవాబుగా ఆ పుస్తకాన్ని కూర్చారు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, బాప్తిస్మం, పాపపు ఒప్పుకోలు, ప్రభు రాత్రి భోజనం దానిలోని భాగాలు. లూథరన్ పిల్లల చదువుకు వెన్నెముక ఇదే.

తెలుగు అచ్చు చరిత్రలోనూ ఈ చిన్న పుస్తకానికి చోటుంది. 1726లో మద్రాసు చేరిన బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ లూథరన్ బోధకుడు తెలుగు నేర్చి, వ్యాకరణం రాసి, బైబిలును అనువదించారు. ఆయన స్వదేశం వెళ్లాక 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో ఆయన తెలుగు పుస్తకాలు కొన్ని అచ్చయ్యాయి. వాటిలో లూథర్ ప్రశ్నోత్తరాలూ ఉన్నాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాల జాబితాలో పిల్లలకు పాఠం చెప్పే పుస్తకం ఉండడం విశేషం. హయ్యర్ గుంటూరు చేరడానికి అది దాదాపు నూరేళ్ల ముందటి మాట.

ఆదివారపు బడి మనిషి

ఫిలడెల్ఫియాలో జియాన్ లూథరన్ చర్చి ఆ ఒంటరి కుర్రవానికి ఇల్లయింది. అక్కడి పాస్టర్ల వద్ద వేదాంతం చదువుతూ, సంఘపు బడిలో పిల్లలకు పాఠాలు చెప్పారు. 1815లో జర్మనీ వెళ్లి గోటింగెన్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివి మరుసటి ఏడాది తిరిగివచ్చారు. 1817లో బోధించడానికి అనుమతి, 1820లో పాస్టరుగా అభిషేకం పొందారు. 1819లో మేరీ వెబ్ గాష్ అనే వితంతువును వివాహమాడారు. ఆమెకు అప్పటికే ఇద్దరు పిల్లలు. తర్వాత ఈ దంపతులకు ఆరుగురు కలిగారు.

అటుపై ఇరవై ఏళ్లకు పైగా ఆయన జీవితమంతా గుర్రం మీదనే గడిచిందంటే అతిశయోక్తి కాదు. పెన్సిల్వేనియా, మేరీలాండ్ కొండల్లో, అడవుల్లో చెదిరిన జర్మన్ కుటుంబాలను వెతుక్కుంటూ తిరిగారు. ఒకచోట సంఘం కూడితే, దాని పక్కనే పిల్లల బడి పెట్టారు. లూథరన్ల సండే స్కూలు సమాజానికి ప్రతినిధిగా నియమితులై సంఘం వెంట సంఘం తిరిగి, ఆదివారపు బళ్లు పెట్టించడమే పనిగా కొంతకాలం గడిపారు.

అప్పట్లో సండే స్కూలంటే ఇప్పుడున్న అర్థం కాదు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి దానికి ప్రాచుర్యం తెచ్చినప్పుడు, ఆరు రోజులు పనిలో మగ్గే పేద పిల్లలకు ఏడో రోజున అక్షరాలు నేర్పడమే ఉద్దేశం. బైబిలు అక్కడ పాఠ్యపుస్తకం కూడా. పనికి పోయే పిల్లవానికి సెలవు దొరికేది ఆదివారమే గనుక బడి ఆదివారం నడిచింది. గొర్రెల వెంట తిరిగే పిల్లలు, కాయ వలుపుకు కూర్చునే ఆడపిల్లలు ఉన్న మన సీమలో ఆ ఏర్పాటు ఎందుకు అతికిందో వేరే చెప్పనవసరం లేదు. అమెరికాలో 1824లో ఇందుకోసం ఒక జాతీయ సంఘమే ఫిలడెల్ఫియా కేంద్రంగా ఏర్పడింది. హయ్యర్ ఆ గాలిలో పెరిగిన మనిషి. పెద్దల మనసు మార్చడం తర్వాత సంగతి, ముందు పిల్లలను చేరదీయాలన్నది ఆయన చేతల్లో అడుగడుగునా కనిపించే పద్ధతి.

ఇల్లు విడిచిన వేళ

1839లో భార్య మరణించారు. హయ్యర్‌కు అప్పటికి నలభై అయిదేళ్లు. పిల్లలు కొందరు ఎదిగారు, కొందరు ఇంకా ఎదగవలసి ఉంది. ఆ దుఃఖం ఆరకముందే, 1840లో, భారతదేశానికి బోధకునిగా వెళ్లమన్న పిలుపు వచ్చింది. అమెరికా లూథరన్లు అంతవరకు తమవారినెవరినీ సముద్రం దాటించి పంపలేదు. మొదటి మనిషిగా యాభైకి చేరువైన భార్యావియోగిని ఎంచుకున్నారు. ఏ సంస్థ అజమాయిషీలో వెళ్లాలన్న దానిపై వాదం నడిచింది. ఇతర సంస్థ నీడన పోవడం ఇష్టంలేక ఒక దశలో హయ్యర్ రాజీనామా చేశారు. చివరకు పెన్సిల్వేనియా లూథరన్ పాస్టర్ల మండలి తానే పంపుతానని ముందుకు వచ్చింది. బాల్టిమోర్‌లో సంస్కృతం, వైద్యం కొంత అభ్యసించి 1841 అక్టోబరులో బోస్టన్ రేవులో ఓడ ఎక్కారు.

పిల్లలు అమెరికాలోనే ఉండిపోయారు. పద్నాలుగేళ్లప్పుడు తనను ఓడ ఎక్కించి తల్లిదండ్రులు ఒడ్డున నిలిచారు. ఇప్పుడు బిడ్డలు ఒడ్డున నిలిచారు, తండ్రి ఓడ ఎక్కాడు. ఈ నిర్ణయాన్ని త్యాగమని సంఘ చరిత్రలు కీర్తిస్తాయి. బిడ్డల వైపు నుంచి చూస్తే మరో రకంగానూ కనిపిస్తుంది. తల్లి పోయిన రెండేళ్లకే తండ్రి ఖండాలు దాటిపోవడం ఏ ఇంట్లోనైనా చిన్న విషయం కాదు. వలసపోయిన తల్లిదండ్రుల కోసం వాకిట్లో కూర్చునే పిల్లలున్న జిల్లాలో ఆ మాట దాచి హయ్యర్ కథ చెప్పడం న్యాయం కాదు.

కరవు తిన్న గుంటూరు

సూయజ్ కాలువ ఇంకా లేదు. ఓడలు ఆఫ్రికాను చుట్టి రావలసిందే. దాదాపు ఐదు నెలల ప్రయాణం తర్వాత 1842 మార్చిలో కొలంబో చేరి, అక్కడి నుంచి తమిళ దేశం మీదుగా మద్రాసు వచ్చారు. తెలుగువారి మధ్య పని చేయాలని అక్కడే నిశ్చయించుకున్నారు. 1842 జూలై 31న గుంటూరు చేరారు. నేటికీ లూథరన్ సంఘాలు ఆ తేదీని ఫాదర్ హయ్యర్ దినంగా జరుపుకుంటాయి. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ భక్తిపరుడు. బోధకులు రావాలని కోరుకుంటున్నవాడు. ఆయన హయ్యర్‌ను ఆహ్వానించి, ఆశ్రయమిచ్చి, చందా ఇచ్చి అండగా నిలిచారు.

గుంటూరు సీమ అప్పటికి పదేళ్ల కిందటి గాయం నుంచి కోలుకోలేదు. 1832-33 నాటి నందన కరవును జనం డొక్కల కరవు అన్నారు. ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది వరకు నశించారని అంచనాలున్నాయి. ఊళ్లకు ఊళ్లు పాడుబడ్డాయి. కృష్ణా నదికి ఆనకట్ట ఇంకా రాలేదు. నేడు గుంటూరు అనగానే పచ్చని మాగాణులు, మిరప కల్లాలు తలచే అనంతపురం వారికి, ఆనాటి గుంటూరు మన కరవు సీమకు తోబుట్టువని చెబితే నమ్మడం కష్టం. 1876-78 నాటి ధాత కరవు మన ప్రాంతాన్ని ఏం చేసిందో పెద్దల నోట విన్నవారికి ఆ దృశ్యం ఊహకు అందుతుంది.

హయ్యర్‌కు తెలుగు రాదు. మొదట్లో దుబాసీ ద్వారా మాట్లాడారు. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఓనమాలు దిద్దడం మొదలుపెట్టారు. భాష పట్టుబడేదాకా ఆగకుండా వెంటనే చేపట్టిన పని బడి. స్టోక్స్ అండతో నడుస్తున్న ఆంగ్ల పాఠశాల ఆయన చేతికి వచ్చింది. తెలుగు బళ్లు తెరిచారు. ఆడపిల్లలకు చదువేమిటని లోకమంతా అనుకునే రోజుల్లో తొలి ఏళ్లలోనే బాలికల చదువుకూ ఏర్పాటు చేశారు. ఆ ఆంగ్ల బడి వంశవృక్షంలోనే 1885లో కళాశాల వెలిసింది. అదే ఆంధ్ర క్రైస్తవ కళాశాల. హిందూపురం ఓటర్లు మూడుసార్లు శాసనసభకు పంపిన నందమూరి తారకరామారావు పట్టా పుచ్చుకున్నది ఆ కళాశాలలోనే.

బడి పేరుతో మతం పెంచుకుంటున్నారన్న మాట ఆనాడూ వినిపించింది, ఈనాడూ వినిపిస్తుంది. హయ్యర్ తన ఉద్దేశాన్ని దాచుకున్న మనిషి కాదు. ఆయన వచ్చిందే సువార్త చెప్పడానికి. కంపెనీ కొలువులకు ఆంగ్లం కావాలని అగ్రవర్ణాల తండ్రులు కొడుకులను మిషన్ బళ్లకు పంపేవారు. ఎవరో బాప్తిస్మం తీసుకుంటారన్న మాట పొక్కితే బెంచీలు ఖాళీ అయ్యేవి. ఆ దశకాల్లో మద్రాసు రాష్ట్రమంతటా జరిగిన తంతు ఇది. ఇచ్చేవారికి ఒక లెక్క, పుచ్చుకునేవారికి ఒక లెక్క. ఆ రెండు లెక్కల మధ్య వేలాది మంది పిల్లలు చదువుకున్నారన్నది మాత్రం కాదనలేనిది. ముఖ్యంగా ఊరి బడి గడప తొక్కనివ్వని మాల, మాదిగ వాడల పిల్లలకు మొదటి పలక చేతికి వచ్చింది ఈ బళ్లలోనే.

1844లో వాల్టర్ గన్ దంపతులు అమెరికా నుంచి తోడు వచ్చారు. హయ్యర్ ఆరోగ్యం అప్పటికే దెబ్బతిన్నది. 1845 చివర్లో స్వదేశానికి ప్రయాణమయ్యారు. విశ్రాంతి కోసం వెళ్లిన మనిషి అక్కడ కూర్చుని వైద్యశాస్త్రం పూర్తి చేశారు. యాభై దాటిన వయసులో, 1847లో, బాల్టిమోర్‌లో వైద్య పట్టా పుచ్చుకుని 1848లో మళ్లీ గుంటూరులో దిగారు. ఊరి వాకిట జ్వరంతో మూలుగుతున్న బిడ్డకు మందు ఇవ్వలేని వానికి ఆ బిడ్డకు కథ చెప్పే అర్హత ఎంత ఉంటుందన్న ఆలోచనే ఆయనను ఆ వయసులో విద్యార్థిని చేసి ఉండాలి.

పలనాటి పల్లెల్లో

1849లో ఆయన గుంటూరు వదిలి గురజాలకు మకాం మార్చారు. నాయకురాలు నాగమ్మ, నలగామరాజు పేర్లతో ముడిపడిన ఊరు అది. ఎర్ర ఎండ, నాపరాయి, జొన్నచేలు, అడుగంటిన బావులు. గుత్తి, తాడిపత్రి ప్రాంతాలు తిరిగిన వారికి ఆ నేల పరాయిదిగా తోచదు. పట్నంలో ఏడేళ్లు చెప్పినా చెవికెక్కని మాట పలనాటి పల్లెల్లో త్వరగా చెవికెక్కింది. కుటుంబాలకు కుటుంబాలు బోధ వినడానికి కూడాయి. గుంటూరులో పదుల్లో లెక్కించవలసిన సంఘం ఇక్కడ వాడలవారీగా పెరిగింది.

తర్వాతి కాలంలో తెలుగు లూథరన్ పల్లెలకు గుర్తుగా నిలిచిన పద్ధతి ఒకటి ఉంది. పగలు బడి పంతులు, సాయంత్రం ప్రార్థన నడిపే ఉపదేశి, ఆదివారం సండే స్కూలు టీచరు, ఈ మూడు పనులూ ఒకే మనిషివి. ఆయన భార్య ఆడపిల్లలకు కుట్టుపని, పాటలు నేర్పేది. మట్టిగోడల గుడిసే బడి, అదే గుడి. పశువులు కాసే పిల్లలు పగలు రాలేకపోతే దీపం పెట్టి రాత్రి చెప్పేవారు. లూథర్ ప్రశ్నోత్తరాలను ప్రశ్న ఒకరు, జవాబు అందరూ కలిసి రాగయుక్తంగా వల్లించేవారు. చదువురాని తల్లిదండ్రులు గోడ వారగా కూర్చుని పిల్లల నోట విని నేర్చుకున్నారు. ఇంటి పెద్ద పిల్లలకు నేర్పాలని లూథర్ అనుకున్నది తెలుగు పల్లెలో తలకిందులైంది. పిల్లలే పెద్దలకు గురువులయ్యారు. హయ్యర్ పిల్లల వద్ద పని మొదలుపెట్టడం ఎంత దూరం పోయిందో చూడాలంటే ఆ గోడ వార చూడాలి.

ఆ ఏళ్లలోనే రాజమండ్రిలో పనిచేస్తున్న ఉత్తర జర్మనీ మిషన్ నిధులు లేక తన కేంద్రాన్ని అమెరికా లూథరన్లకు అప్పగించింది. 1851లో గన్ గుంటూరులోనే కన్నుమూశారు. ఉన్న కొద్దిమంది మీద భారం రెట్టింపయింది. హయ్యర్ గుంటూరు, పలనాడు, రాజమండ్రి నడుమ ఎడ్లబండిలో, పల్లకీలో, కాలినడకన తిరిగి 1857లో అమెరికా మరలిపోయారు. వయసు అరవై నాలుగు. అక్కడైనా కుదురుగా కూర్చున్నారా అంటే లేదు. మిన్నెసోటాకు వెళ్లి కొత్తగా వలసవచ్చిన జర్మన్ల మధ్య సంఘాలు కూర్చి, 1860లో ఏర్పడిన అక్కడి లూథరన్ మండలికి తొలి అధ్యక్షులయ్యారు.

డెబ్బై ఆరేళ్ల ప్రయాణం

1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం. లూథరన్ మండళ్లలో చీలికలు. తెలుగు దేశానికి డబ్బూ రాలేదు, మనుషులూ రాలేదు. ఒక దశలో ఎరియస్ ఉనాంగ్స్ట్ అనే మిషనరీ ఒక్కరే గుంటూరులో మిగిలారు. రెండు కేంద్రాలనూ మోయలేక రాజమండ్రిని ఆంగ్లికన్ మిషన్‌కు ఇచ్చివేయడానికి అంతా సిద్ధమైంది. అది 1869. హయ్యర్ అప్పుడు జర్మనీలో ఉన్నారు. సంగతి తెలిసి ఆగమేఘాల మీద అమెరికా వచ్చారు. ఆ ఏడాది మే నెలలో రీడింగ్ పట్టణంలో కూడిన పెన్సిల్వేనియా మండలి సభలో నిలబడి, రాజమండ్రిని వదులుకోవద్దని వేడుకున్నారు. ఎవరూ దొరకకపోతే తానే వెళతానని, చేతిలో ప్రయాణపు సంచితో సిద్ధంగా ఉన్నానని చెప్పారు. సభ తలవంచింది. అప్పగింత ఆగిపోయింది.

1869 డిసెంబరు 1న, డెబ్బై ఆరేళ్ల వయసులో, ఆయన రాజమండ్రి చేరారు. పాతికేళ్ల కిందట కుర్రవాళ్లుగా చూసినవారు పిల్లల తండ్రులై ఉన్నారు. చెదిరిన బళ్లను, సంఘాలను కూడగట్టారు. 1870లో తోడుగా వచ్చిన బెకర్ అనే యువ మిషనరీ కొన్ని నెలలకే మరణించారు. అదే ఏడాది వచ్చిన ష్మిత్‌కు బాధ్యత అప్పగించి, 1871 జనవరిలో హయ్యర్ తెలుగు నేలను చివరిసారి విడిచారు. ష్మిత్ ఆ తర్వాత మూడు దశాబ్దాలు గోదావరి తీరంలో పనిచేశారు. నాడు ముసలివాడు సంచి పట్టుకుని లేవకపోయి ఉంటే, రాజమండ్రి లూథరన్ల చరిత్ర వేరే విధంగా ఉండేది.

కడపటి రోజుల్లో ఆయనను ఫిలడెల్ఫియా లూథరన్ వేదాంత పాఠశాల తన వద్ద ఉంచుకుంది. పాస్టర్లు కావడానికి చదువుకునే యువకుల నడుమ పెద్దదిక్కుగా, వారి ప్రార్థనలు చూసే గురువుగా ఉన్నారు. పద్నాలుగేళ్ల పిల్లవానిగా దిగిన పట్నమే అది.

మన సీమకు వచ్చిన దారి

హయ్యర్ అనంతపురం జిల్లాకు రాలేదు. ఇక్కడి సంఘాల పుట్టుక వేరు. లండన్ మిషన్ 1810లో బళ్లారిలో జాన్ హాండ్స్‌తోనూ, 1822లో కడపలోనూ పని ప్రారంభించింది. గుత్తి, అనంతపురం, కదిరి కేంద్రాలు ఆ కొమ్మకు పూచినవే. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడగా అవన్నీ అందులో చేరాయి. లూథరన్లు రాయలసీమకు మరో దారిన వచ్చారు. 1865లో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ నెల్లూరు దక్షిణ ప్రాంతంలో మొదలుపెట్టిన పని, తిరుపతి కేంద్రంగా దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమయింది. గుంటూరు, రాజమండ్రి సంఘాలు 1927లో ఒక్కటై ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి.

పేర్లు వేరైనా ఆదివారపు బడి పద్ధతి అన్ని చోట్లా ఒకే తీరున స్థిరపడింది. 1876లో భారత సండే స్కూలు సమాజం ఏర్పడ్డాక పాఠాలకూ పరీక్షలకూ ఒక ఒరవడి వచ్చింది. చిన్నపిల్లలు ఒక చాప మీద, అక్షరాలు వచ్చినవారు మరో చాప మీద. మీసకట్టు వచ్చిన కుర్రవాళ్లను యువజన సమాజంలో చేర్చి పాటలు, నాటకాలు, బీదల ఇళ్ల పరామర్శ అప్పగిస్తారు. నిన్నటి పిల్లవాడు రేపటి టీచరవుతాడు. వేసవి సెలవుల్లో బైబిలు బడి జరుగుతుంది. వేసవిలోనే వలసలూ ఎక్కువ గనుక మన పల్లెల్లో ఆ పది రోజులు మిగిలిన పిల్లలకు ఆటవిడుపు, అవ్వలకు కాస్త ఊపిరి. బొమ్మల కార్డు కోసం, చివరి రోజు పంచే పలహారం కోసం వచ్చేవారూ ఉంటారు. వచ్చాక నిలిచేవారూ ఉంటారు. క్రిస్మస్ నాటకంలో గొల్లల వేషానికి అనంతపురం పిల్లలకు ప్రత్యేకంగా నేర్పవలసిన అవసరం రాదు. ఇంట్లో గొంగళి, కర్ర ఎలాగూ ఉంటాయి.

యువజనుల విషయంలో సంఘాల పెద్దలు ఇప్పుడు దిగులుపడుతున్నారు. కన్ఫర్మేషన్ వరకు వచ్చిన పిల్లలు ఆ తర్వాత చదువులకు, కొలువులకు బెంగళూరు, హైదరాబాదు పోతే మళ్లీ పండుగకే కనిపిస్తారు. టీచర్లు దొరకడం కష్టమైన పల్లెలూ ఉన్నాయి. పట్నపు చర్చిల్లో గదులు, పుస్తకాలు, వాయిద్యాలు సమకూరుతుంటే, పల్లె చాప అలాగే ఉంది. హయ్యర్ కాలంలోనూ డబ్బూ మనుషులూ పట్నం చుట్టూనే తిరిగేవి. ఆయన గురజాలకు ఎడ్లబండి కట్టించుకున్నారు.

గురజాల 2022లో ఏర్పడిన పలనాడు జిల్లాలో ఉంది. ఏటా జూలై 31న గుంటూరులోనూ చుట్టుపక్కల సంఘాల్లోనూ ఆయనను స్మరిస్తారు. ఆయన 1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో, ఎనభై ఏళ్ల వయసులో కన్నుమూశారు. పెన్సిల్వేనియా కొండల్లోని సోమర్‌సెట్ ప్రాంతంలో, ముప్పై నాలుగేళ్ల ముందు భార్య మేరీని పూడ్చిన చోటనే ఆమె పక్కన సమాధి చేశారు.